ఒట్టు వద్దు, ముందు ఫోన్‌లో డబ్బు దారి మూయండి

నమస్కారం. బెట్టింగ్ అప్పు బయటపడ్డాక బెంగళూరులో మన తెలుగువాళ్ల దగ్గర జరిగే తంతు దాదాపు ఒకటే. కడప నుంచో మదనపల్లె నుంచో నాయన బస్సెక్కి వచ్చి మడివాళలో దిగుతాడు. మారతహళ్లి పీజీలో కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టి అమ్మ మీద ఒట్టు వేయించుకుంటాడు. పొలం మీద తెచ్చిన డబ్బు వాడి అకౌంట్‌లోనే వేసి, "తీర్చేయ్ రా, ఇంక ఆ జోలికి పోవద్దు" అని చెప్పి రాత్రి బస్సుకి వెళ్లిపోతాడు. కొడుకు ఆ ఒట్టు మనస్ఫూర్తిగానే వేస్తాడు. అయినా నెల తిరిగేసరికి కథ మళ్లీ మొదలు.

ధర్మరాజు సంగతి గుర్తు చేసుకోండి. మొదటి జూదంలో పోయిందంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. ఇంద్రప్రస్థానికి వెళ్తూ ఉండగానే మళ్లీ పిలుపొచ్చింది. వెనక్కి వచ్చి పాచికల ముందు కూర్చున్నాడు. పోయిన సొత్తు చేతికి వచ్చింది గానీ పిలుపొచ్చే దారి మాత్రం తెరిచే ఉంది. ఈ వీడియోలో ఆ దారి ఎలా మూయాలో ఫోన్ పట్టుకుని చూపిస్తాను.

ముందు ఒక అనుమానం తీర్చుకుందాం. ఇది సరదానా, వ్యసనమా? ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా కొత్త కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో జూదం, వీడియో గేమ్‌లు రెండూ వ్యసనాల కిందే ఉన్నాయి. రోజుకి ఇన్ని గంటలు దాటితే వ్యసనం అని అందులో ఎక్కడా లెక్క కట్టలేదు. ఆపుదామనుకున్నా ఆపలేకపోవడం, తిండి, నిద్ర, ఉద్యోగం కన్నా ఆటే ముందుకి రావడం, నష్టం కళ్ల ముందే కనిపిస్తున్నా కొనసాగించడం చూస్తారు. సాధారణంగా ఏడాది పాటు ఇలా సాగిందా అని అడుగుతారు, తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే తేలుస్తారు. షాపింగ్, రీల్స్ ఆ జాబితాలో విడిగా లేవు. అంతమాత్రాన వాటితో బాధ లేదని కాదు. ఈ రోజు చెప్పేది వాటికీ చాలావరకు పనికొస్తుంది.

మరి ఒట్టు ఎందుకు నిలవదు? వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకి పళ్లరసం ఇస్తూ వాటి మెదడులో డోపమైన్ అనే రసాయనం వదిలే కణాల్ని గమనించాడు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు ఎగిసిపడ్డాయి. ఎప్పుడొస్తుందో తెలిసిపోయాక, రసం వచ్చినా వాటిలో చలనం లేదు. జీతం ఫస్టుకి పడుతుందని మనకి తెలుసు, అందుకే పెద్దగా ఉలుకు ఉండదు. పందెం గెలుపు అలా కాదు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి పాతబడదు. దాని మీద "ఒక్క బాల్‌లో పోయింది" అనే బాధ ఒకటి. ఓడిపోయినా, గెలుపు కొద్దిలో తప్పితే మళ్లీ ఆడాలనిపిస్తుంది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మన సామెత. ఉంగరం విషయంలో మంచి సలహానే, పందెంలో మాత్రం మనిషిని ముంచేది అదే. ఒట్టు వేసేది పగలు, అమ్మ ముఖం చూస్తూ. ఆడేది రాత్రి, ఒంటరిగా. ఆ రెండు వేళల్లో మనసు ఒకేలా ఉండదు.

బెంగళూరు సంగతి ఇంకొకటి చెప్పాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఊళ్లో ఉన్నంతకాలం "మీ రాష్ట్రంలో కుదరదు" అన్న యాప్ ఇక్కడికొచ్చాక తెరుచుకునేది. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. ఊళ్లో ఉన్నదీ వాడే, ఇక్కడికొచ్చిందీ వాడే, మధ్యలో తెరుచుకున్నది తలుపు ఒక్కటే. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం తెచ్చింది, పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. ఇప్పుడు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో ఎవరో పందెం కాయడానికి "ఐడీ" ఇస్తున్నారు. పోలీసులకి భయపడి సాయం అడగని వాళ్లుంటారు. ఆ కేంద్ర చట్టంలో శిక్షలు ఆట నడిపేవాళ్లకి, ప్రచారం చేసేవాళ్లకి, డబ్బు లావాదేవీలు జరిపించేవాళ్లకి. ఆడినవాడికి కాదు.

సరే, ఇక పనిలోకి. ముందుగా ఒక నోట్‌బుక్. స్క్రీన్ మీద నేను నమూనాగా రాసిన పేజీ చూడండి.

"శుక్రవారం, రాత్రి 11:40. పీజీ మేడ మీద. 500తో మొదలు. అంతకుముందు: మేనేజర్ కాల్, తిండి తినలేదు, రూమ్‌మేట్ ఊరెళ్లాడు."

ఇలాంటివి పది వరసలు పడ్డాక చూస్తే వేళ, చోటు, ఒంటరితనం మళ్లీ మళ్లీ అవే కనిపిస్తాయి. ఎంత పోయిందో రాయడం కన్నా అంతకుముందు ఏం జరిగిందో రాయడం ముఖ్యం. మన తాళం పడాల్సింది ఆ వేళ మీదే.

ఇప్పుడు ఫోన్. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. బ్యాంక్ యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితి ఉంటుంది, దాన్ని వెయ్యికి దించండి. కార్డుల విభాగంలోకి వెళ్లి ఆన్‌లైన్ వాడకం, విదేశీ లావాదేవీలు రెండూ ఆఫ్ చేయండి. లోన్ యాప్‌లు తీసేయండి, తీసేముందు వాటికిచ్చిన కాంటాక్ట్స్ అనుమతి రద్దు చేయండి. ముందే మంజూరైన పర్సనల్ లోన్ ఆఫర్లు ఇంక పంపొద్దని బ్యాంక్‌కి రాసివ్వండి.

అసలైనది జీతం. అది పడ్డ రోజే భార్య అకౌంట్‌కో నాయన అకౌంట్‌కో వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. మరి రోజు ఖర్చులకి? యూపీఐ సర్కిల్ అని 2024లో వచ్చింది. భార్య తన ఖాతాకి మిమ్మల్ని జోడిస్తారు. ఒక పద్ధతిలో నెలకి 15,000 లోపు మీరే కట్టుకోవచ్చు. రెండో పద్ధతిలో మీరు కట్టే ప్రతిదానికీ ఆమె తన ఫోన్‌లో పిన్ కొట్టాలి. మొదటి నెలలకి రెండోదే మేలని నా అభిప్రాయం. "చిన్నపిల్లాడిలా అడుక్కోవాలా?" అనిపిస్తుంది. నిజమే, చిన్నతనంగానే ఉంటుంది. కావాలంటే వీటన్నిటినీ తిరిగి మార్చుకోవచ్చు కూడా. కానీ మార్చడానికి పావుగంట పడుతుంది, ఒక మనిషికి చెప్పాల్సి వస్తుంది. ఆ పావుగంట కోసమే ఇంత ఏర్పాటు.

ఎందుకంటే ఆడాలనే ఆ లాగుడు తెల్లవార్లూ ఉండదు. పెరుగుతుంది, ఒక స్థాయికి వెళ్లి, తర్వాత దిగుతుంది. చాలామందికి అరగంట దాటితే తీవ్రత తగ్గుతుంది. ఆ అరగంట ఫోన్ రూమ్‌లో వదిలేసి, జేబులో చిల్లర వేసుకుని కింద బేకరీకి వెళ్లి టీ తాగండి. ఫోన్ చేతిలో పెట్టుకుని లాగుడుతో వాదించకండి, వాదనలో అదే గెలుస్తుంది.

ఇంట్లో చెప్పడం మిగిలింది. ఇలా చెప్పి చూడండి: "నాయనా, బెట్టింగ్‌లో అప్పు అయింది. మొత్తం ఈ కాగితం మీద ఉంది, దాచింది లేదు. డబ్బు నా చేతికి ఇవ్వొద్దు." కాగితం మీద బ్యాంకు, క్రెడిట్ కార్డు, లోన్ యాప్, ఫ్రెండ్స్ దగ్గర తీసుకున్నది, అన్నీ ఉండాలి. సగం దాచిన అప్పు తీర్చాలనే చాలామంది మళ్లీ పందెం కాస్తారు. పెద్దలకి నా మాట: తీర్చాలనుకుంటే అప్పిచ్చినవాడికే నేరుగా కట్టండి. తాకట్టు పెట్టి ఒక్కసారే తీర్చేయాలన్న తొందర వద్దు, బ్యాంక్‌తో వాయిదాలు మాట్లాడుకోవచ్చు.

ఎప్పుడో ఒకసారి జారితే? "మునిగినవాడికి చలేంటి" అని ఉన్నదంతా పెట్టేస్తారు. 500 పోయిన రాత్రికీ 50,000 పోయిన రాత్రికీ మధ్య ఉండేది ఆ ఒక్క మాటే. అక్కడే ఆపి, నోట్‌బుక్‌లో రాసి, ఇంట్లో చెప్పండి.

పక్కదారి పట్టినా ఇది చెప్పి తీరాలి. ఎన్నడూ పేక ముట్టని పెద్దాయన ఉన్నట్టుండి రమ్మీ మొదలుపెడితే, పార్కిన్సన్ మందులు వాడుతున్నారేమో చూడండి. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి వాటితో కొందరికి జూదం మీద అదుపు పోతుంది. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, న్యూరాలజిస్టుకి చెప్పండి.

సాయానికి మనకి హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ ఉంది, వ్యసనాల చికిత్సకి అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. గేమ్‌లు, ఫోన్ వాడకం సమస్యలకి వాళ్లు 2014లోనే షట్ క్లినిక్ మొదలుపెట్టారు. కౌన్సెలింగ్ ప్రధానం, డిప్రెషన్ తోడైతే మందులూ ఇస్తారు. వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, నంబర్ 14416. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోదామన్న ఆలోచన వస్తుంటే ఈ వీడియో ఇక్కడే ఆపి ఆ నంబర్‌కి చేయండి, పక్క గదిలో ఉన్నవాణ్ణి లేపండి. మీవాడు అలా మాట్లాడుతుంటే ఒంటరిగా వదలకండి.

నేను చూపించిన పరిమితి మీ బ్యాంక్ యాప్‌లో కనిపించకపోతే ఏ బ్యాంకో కింద రాయండి, దాని దారి చెబుతాను. అకౌంట్ నంబర్ గానీ ఫోన్ నంబర్ గానీ రాయకండి. "అప్పు తీరుస్తాం" అని ఎవరైనా మెసేజ్ పెడితే జవాబివ్వకండి.