98 దగ్గర మరిగిన నీళ్లు

సైన్స్ టీచర్లందరికీ నమస్కారం.

హైస్కూలు ల్యాబుల గురించి మాట్లాడమన్నారు. నేను చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల కిందట, హైదరాబాదులో తొమ్మిదో తరగతి పిల్లల చేత నీటి మరుగు స్థానం ప్రయోగం చేయిస్తున్నాను. బీకరు చుట్టూ ఐదుగురు మూగారు. నీళ్లు బాగా మసులుతున్నాయి. థర్మామీటరులో పాదరసం 98 దాకా ఎక్కి ఆగిపోయింది. "సార్, ఇంక ఎక్కట్లేదు" అందో అమ్మాయి. ఇంకాసేపు చూడమన్నాను. చూసింది. కదల్లేదు. బెల్లు కొట్టే టైమైంది. "పుస్తకంలో 100 అని ఉంది కదమ్మా, 100 వేసెయ్" అన్నాను. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా 98ని రబ్బరుతో చెరిపి 100 వేసింది.

ఆమె చూసింది సరైనదే. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఎత్తు పెరిగితే గాలి పీడనం తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారుగా ప్రతి 300 మీటర్లకూ ఒక డిగ్రీ తగ్గుతుంది. పుస్తకంలోని 100 సముద్ర మట్టం దగ్గరి మాట. విశాఖ బీచ్ దగ్గరి బడిలో 100 దగ్గర మరిగే నీళ్లు, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు వెళితే 97 దగ్గరే మరుగుతాయి. ఇంత పాఠం ఆ బీకరులో ఉంటే నేను దాన్ని చెరిపించాను.

థర్మామీటరే తప్పు చూపిస్తోందేమో అని మీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానం. మన బళ్లకు వచ్చే థర్మామీటర్లు ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటాయి. అయితే కరుగుతున్న ఐసు ముక్కల్లో పెట్టి సున్నా చూపిస్తుందో లేదో చూడమని పిల్లలకే చెప్పాలి. ఆ పని చేసిన పిల్లకు పరికరాన్ని పరీక్షించడమంటే ఏమిటో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

పదో తరగతి రికార్డులు తిరగేయండి. వోల్టేజి పెరిగితే కరెంటు అదే నిష్పత్తిలో పెరుగుతుందనే ఓమ్ నియమం గ్రాఫు చూడండి. క్లాసులో అందరిదీ స్కేలు పెట్టి గీసిన తిన్నని గీతే, ఒక్క చుక్క కూడా పక్కకు పోదు. ఎందుకంటే ముందు గీత గీసి, తర్వాత దాని మీద చుక్కలు పెట్టి, ఆ చుక్కలకు రీడింగులు రాసుకుంటున్నారు. పిల్లల్ని తప్పు పట్టను. చుక్క పక్కకు పోతే మార్కు తగ్గించేది మనం. నా మాట వినండి, పక్కకు పోయిన చుక్కకు మార్కులు ఇవ్వండి. "ఎందుకు పోయింది?" అన్న ప్రశ్నకు రెండు వాక్యాలు రాస్తే ఇంకో మార్కు ఇవ్వండి.

ఇది కలల మాట కాదు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం 1972లో 16 బళ్లలో మొదలై 2002 దాకా నడిచింది. పల్లెటూరి ప్రభుత్వ బళ్లలో 6 నుంచి 8 తరగతుల పిల్లలు ప్రయోగం చేసే పాఠం నేర్చుకున్నారు. పరీక్షలో పుస్తకం తెరిచి పెట్టుకోనిచ్చారు, ప్రయోగ పరీక్ష కూడా పెట్టారు. చేసి చూసి ఆలోచించాల్సిన ప్రశ్నకు పుస్తకం ముందున్నా జవాబు దొరకదు కదా!

ఇక ల్యాబు సామాను ఉండే బీరువా సంగతి. సామాను లేని బళ్లు ఉన్నాయి, నిజమే. కానీ సామాను ఉండి తాళం తీయని బళ్లు నేను చాలా చూశాను. బీకరు పగిలితే స్టాక్ రిజిస్టరులో ఏం రాయాలి, బదిలీ అయ్యేటప్పుడు ఎవరికి లెక్క చెప్పాలి అన్న టెన్షనే దానికి కారణం. హెడ్మాస్టర్లు చాలామంది వచ్చారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నాను. ఏటా కొంత గాజు సామాను పగులుతుందని ముందే ఒప్పుకోండి, పగిలింది రిజిస్టరులో కొట్టేయండి. టైమ్‌టేబుల్లో వారానికి ఒకసారైనా రెండు సైన్స్ పీరియడ్లు పక్కపక్కన వేయించండి. 45 నిమిషాల్లో సామాను సర్ది, నీళ్లు మరిగించి, మళ్లీ కడిగి పెట్టేయడం ఎవరి వల్లా కాదు.

వచ్చే నెల సమావేశం లోపు ప్రతి బడిలో నీళ్లు మరిగించండి. థర్మామీటరును ముందు ఐసులో చూసుకోండి. దాని కొసన ఉన్న గాజు బుడ్డి బీకరు అడుగుకు తగలకుండా పట్టుకోమనండి, వేడి ఆవిరి దగ్గర చేతులు జాగ్రత్త. పిల్లలు రాసిన కాగితం రాసింది రాసినట్టే నాకు కావాలి. 97 అయినా, 99 అయినా, దిద్దకుండా తీసుకురండి. బోర్డు మీద మన ఊళ్ల ఎత్తుల పక్కన వేసి చూద్దాం.