మిషన్ ఆపే హక్కు ఎవరికుంది?

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, కామర్స్, మేనేజ్‌మెంట్ విభాగాల అధ్యాపకులకు, ఫైనలియర్ విద్యార్థులకు, పని మానుకుని వచ్చిన మిల్లర్లకు, రొయ్య రైతులకు ధన్యవాదాలు.

నాకిచ్చిన అంశం "వ్యాపార నిర్వహణలో ప్రాచ్య, పాశ్చాత్య పద్ధతులు". ఈ మాట ఎత్తగానే దాదాపు అందరూ ఒకటే చెబుతారు. పడమటి వాళ్లది లెక్క, తూర్పు వాళ్లది బంధం. వాళ్లు కాంట్రాక్టు కాగితాన్ని నమ్ముతారు, మనం నోటిమాటను నమ్ముతాం. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయేమో గానీ, మండపేటలోనో తణుకులోనో మిల్లు నడపడానికి ఇది అక్కరకు రాదు. చరిత్ర కూడా ఇంత తేలిగ్గా రెండు ముక్కలు కాదు.

ముందు పడమటి సంగతి చూద్దాం. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ పేరు మీ సిలబస్‌లో ఉంది. బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మెలు మోసే కూలీలు రోజుకు తలా 12.5 టన్నులు ఎత్తేవారు. టేలర్ మనుషులు స్టాప్‌వాచ్ పట్టుకుని కదలికలన్నీ కొలిచారు. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు కూర్చోవాలో పక్కన నిలబడి చెప్పి, ఒక కూలీ చేత 47 టన్నులు ఎత్తించామని టేలర్ 1911లో అచ్చేసిన పుస్తకంలో రాశాడు. కూలి మాత్రం డాలరు 15 సెంట్ల నుంచి డాలరు 85 సెంట్లకు పెరిగింది, అంతే. ఆలోచించే పని ఆఫీసుది, చేసే పని కూలీది అన్నదే ఈ పద్ధతికి మూలం. 1913లో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. పన్నెండు గంటలకు పైగా పట్టే కారు చట్రం బిగింపు గంటన్నరకు దిగింది. కానీ ఆ లైను మీద నిలబడలేక మనుషులు గుంపులు గుంపులుగా మానేశారు. వాళ్లను నిలబెట్టుకోవడానికే మరుసటి ఏడాది జనవరిలో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాల్సి వచ్చింది.

ఇదంతా పరాయి దేశం గొడవ అనుకోకండి. మన దగ్గర రొయ్యల ప్లాంట్లలో తల తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్లకు చాలాచోట్ల కిలో లెక్కన కూలి. నరసాపురం లేసు అల్లే వాళ్లకు పీసు లెక్కన. అల్లిక ఎక్కడ తప్పిందో ఆవిడ వేలికి ఆ క్షణమే తెలుస్తుంది. కానీ చెప్పుకునే దారి లేదు. సరుకు ఏజెంటు చేతికి వెళ్లాక తప్పు బయటపడుతుంది, డబ్బులో కోత పడుతుంది. టేలర్ పేరైనా వినని ఊళ్లో టేలర్ పద్ధతి నడుస్తోంది.

ఇక తూర్పు. 1950లో జపాన్ శాస్త్రవేత్తల, ఇంజనీర్ల సంఘం పిలిస్తే ఎడ్వర్డ్స్ డెమింగ్ అక్కడికి వెళ్లి నాణ్యత గురించి పాఠాలు చెప్పాడు. ఆయన అమెరికన్, గణాంక నిపుణుడు. ఆయన చెప్పిందంతా లెక్కే: ఏ తేడా యాదృచ్ఛికంగా వస్తోంది, ఏది ప్రత్యేకమైన కారణం వల్ల వస్తోంది, కొలిచి తెలుసుకోండి అన్నాడు. మరుసటి ఏడాదే ఆయన పేరున అక్కడ బహుమతి పెట్టారు. అంటే మనం తూర్పు పద్ధతి అని పొగిడే దాని పునాదిలో అమెరికా లెక్కలు ఉన్నాయి.

జపాన్ వాళ్లు దానికి తమ సొంతదొకటి కలిపారు. టయోటా కంపెనీ మొదట మగ్గాల కుటుంబం. సకిచి టయోడా తయారుచేసిన మగ్గం, దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేది. బండారులంకలో మగ్గం ముందు కూర్చునే నేతగాడికి దీని విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. పోగు తెగినా చూసుకోకుండా నేసుకుంటూ పోతే చీరంతా పాడు. కార్ల ఫ్యాక్టరీలో తాయిచి ఓనో ఈ ఆలోచననే మనుషులకు వర్తింపజేశాడు. లైను పొడవునా తాడు కట్టారు. బోల్టు సరిగా కూర్చోలేదని ఏ కార్మికుడికి అనిపించినా ఆ తాడు లాగుతాడు. టీమ్ లీడరు పరిగెత్తుకొస్తాడు. కాసేపట్లో సరి కాకపోతే లైను ఆగిపోతుంది. అరవడాలూ, జీతం కోతలూ ఉండవు. కోట్ల విలువైన లైనును ఆపే హక్కు అందరికంటే కింద ఉన్న మనిషి చేతిలో పెట్టారు. నా దృష్టిలో ఈ వందేళ్ల మేనేజ్‌మెంట్ చరిత్రలో ఇంతకంటే పెద్ద సంగతి లేదు.

అది జపాన్ సంస్కృతి, మరొకచోట కుదరదు అనేవాళ్లకు ఒక జవాబు ఉంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. రోజుకు నూటికి ఇరవై మంది దాకా పనికి ఎగ్గొట్టేవాళ్లు. తాగి వచ్చేవాళ్లు, కావాలని కార్లు పాడుచేసేవాళ్లు ఉండేవారు. 1982లో మూసేశారు. రెండేళ్లకు టయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే ఫ్యాక్టరీని తెరిచాయి. పాత యూనియన్, ఎక్కువ మంది పాత మనుషులే. కొందరిని జపాన్ పంపి పని చూపించారు, లైను మీద తాడు పెట్టారు. కొంతకాలానికే ఆ కార్ల నాణ్యత జపాన్ కార్ల దరిదాపుల్లోకి వచ్చింది. గైర్హాజరు రెండు మూడు శాతానికి దిగింది. ఊరు, మనుషులు, సంస్కృతి అన్నీ అమెరికావే. మారిందల్లా వాళ్ల మాట వినే ఏర్పాటు.

అయితే ఆ పాఠాన్ని జనరల్ మోటార్స్ తన మిగతా ఫ్యాక్టరీలకు త్వరగా అందించలేకపోయింది. తాళ్లు కట్టడం సులువే. లాగిన మనిషి మీద మేనేజరు కళ్లెర్రజేస్తే ఆ తాడు ఇంకెవరూ ముట్టుకోరు. ఇది జపాన్‌కూ వర్తిస్తుంది. టయోటా సొంత అనుబంధ కంపెనీ దైహత్సు భద్రతా పరీక్షల్లో ఏళ్ల తరబడి మోసం చేసిందని 2023 డిసెంబరులో విచారణలో తేలింది. గడువుల ఒత్తిడి కింద ఉద్యోగులు పైకి చెప్పుకోలేకపోయారు. అతిపనితో మనుషులు చనిపోకుండా చూడటానికి 2014లో ఆ దేశం ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. కాబట్టి తూర్పు కదా అని దండ వేయనక్కర్లేదు.

ఇప్పుడు మన డెల్టాకు వద్దాం. నేను కొంతకాలం చెన్నైలో కార్ల విడిభాగాల కంపెనీలో చేసి వచ్చి, ఇప్పుడు మండపేట దగ్గర రైస్ మిల్లు నడుపుతున్నాను. మన కుటుంబ వ్యాపారాల్లో మంచి ఉంది. గుమస్తా కూతురి పెళ్లికి షావుకారు నిలబడతాడు, హమాలీకి జబ్బు చేస్తే ఆస్పత్రికి తీసుకెళ్తాడు. అది పోకూడదు. కానీ ఆ హమాలీ వచ్చి "అయ్యా, ఈ లోడు తేడాగా ఉంది" అంటే వింటామా? "నీకెందుకు, దింపు" అంటాం. పెళ్లికి సాయం చేసే చేయే నోరు మూయిస్తుంది. అడ్వాన్సు తీసుకుని ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కుర్రాడైతే అసలు నోరే తెరవడు. ఇక కొడుకు ఎంబీఏ చేసి వచ్చి కెమెరాలు పెట్టించి, ఫోన్లోనే అన్నీ చూస్తున్నానంటాడు. చూస్తున్నాడు నిజమే, వినడం మాత్రం లేదు.

మిల్లులో ఏం జరుగుతుందో చెబుతాను. ఆపరేటరు గొట్టం దగ్గర గుప్పెడు బియ్యం పట్టి అరచేతిలో పరిచి చూస్తాడు. నూక పెరిగిందని ల్యాబ్ కంటే ముందు అతనికే తెలుస్తుంది. బయట లారీ ఉంది, ఆపితే తిడతారని నడిపేస్తాడు. కస్టమ్ మిల్లింగులో, అంటే ప్రభుత్వ ధాన్యాన్ని ఆడించి ఇచ్చే పనిలో, క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం ఇచ్చి తీరాలి. సాయంత్రానికి లెక్క తేలదు, అతన్నే అంటాం. ఓనో ఏమనేవాడంటే, తప్పు కనిపిస్తే ఎందుకు అని ఐదుసార్లు అడగండి. నూక ఎందుకు పెరిగింది? గింజ చిట్లుతోంది. ఎందుకు? తేమ మరీ తగ్గిపోయింది. ఎందుకు? ధాన్యం రోడ్డు మీద ఎండలో రోజుల తరబడి ఉండిపోయింది. ఎందుకు? రైతుకు సంచులు అందలేదు. ఎందుకు? సంచులు పంపాల్సిన మిల్లు పంపలేదు. ఆపరేటరు మీద మొదలైన విచారణ యజమాని గుమ్మంలో తేలింది. మన దగ్గర ఐదు ప్రశ్నలు ఎందుకు అడగరో దీన్నిబట్టే అర్థమవుతుంది.

రొయ్యల చెరువు దగ్గర ఇది మరీ ప్రాణాంతకం. మేత వేసిన గంటా రెండు గంటలకు కుర్రాడు చెక్ ట్రే పైకి తీస్తాడు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మెత్తగా ఉందా అన్నది మొదట చూసేది అతనే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలితే చూసేదీ అతనే. ఆ సమయంలో ఓనర్‌కి ఫోన్ చేయాలా, డీజిల్ దండగని తిడతారా అని అతను తటపటాయిస్తే ఆ కాసేపట్లో చెరువు పోతుంది. అడక్కుండానే జనరేటరు వేసే అధికారం, ఆ పూట మేత ఆపేసే అధికారం అతనికి ఉందా? వెనక వరసల్లో ఉన్న రైతులను నేను సూటిగా అడుగుతున్నాను.

ఇది మన నేలకు కొత్తదేం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ కాలువలు గట్టు మీద తిరిగే మనుషుల కళ్ల మీద ఆధారపడ్డాయి. గట్టు ఎక్కడ చెమ్మగిల్లిందో, ఎక్కడ గండి పడబోతోందో లస్కరుకు తెలిసినట్టు ఆఫీసులో మ్యాపుకు తెలియదు. మన పక్క రాష్ట్రంలోనూ ఈ దారి కుదిరింది. చెన్నైలోని సుందరం క్లేటన్ 1998లో డెమింగ్ బహుమతి తెచ్చుకుంది. మన దేశంలో అదే మొదటిది. వాళ్లూ మనలాంటి మనుషులతోనే పనిచేయించారు.

మా మిల్లులో ఇప్పుడు గోడకు నల్లబల్ల ఒకటి ఉంది. మిషన్ ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో అందులో రాస్తాం. ఆపినందుకు కూలి కోయం. మొదట్లో బల్ల ఖాళీగా ఉండేది. బల్ల ఖాళీగా ఉందంటే మిల్లు బాగుందని కాదు, మనుషులు భయపడుతున్నారని. ఇప్పుడు రాతలు పడుతున్నాయి. సీజన్లో నాకూ టెన్షన్ ఉంటుంది, లారీ వాడు హారన్ కొడుతుంటాడు. అయినా ఆపనిస్తాను.

విద్యార్థులకు ఒక పని చెబుతాను. ప్రాజెక్టు వర్క్ అని ఇంటర్నెట్ నుంచి దించకండి. మీ ఊళ్లో ఒక మిల్లుకో, చెరువుకో, ఐస్ ఫ్యాక్టరీకో, కొబ్బరి పీచు యూనిట్‌కో వెళ్లండి. ఓనర్‌ని తర్వాత కలవచ్చు. అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషి దగ్గర కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. చివరిసారి తప్పు ఎప్పుడు చూశారు? ఎవరికి చెప్పారు? చెప్పాక ఏం జరిగింది? ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకురండి. మీ అధ్యాపకులు పిలిస్తే, ఆ కాగితాలు చదవడానికి నేను మళ్లీ వస్తాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.