వియ్యంకుడుగారి ఉలవ నీళ్లు

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న నర్సింగ్ అమ్మాయిలకు నమస్కారం. సైన్స్ దినోత్సవం నాడు రామన్ గారి గురించి నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. అధ్యక్షులవారు ఆ నాలుగూ చెప్పేశారు కాబట్టి నేను నేరుగా కాన్సర్ కణం దగ్గరికి వస్తాను.

కణితి పుట్టినచోటు దాటి రక్తంలోకి పోవాలంటే కొల్లాజెన్ లాంటి ప్రోటీన్లతో అల్లిన పొరను కోయాలి. అలా కోసే ఎంజైములే ప్రోటియేజులు. వాటిలో జింకు మీద ఆధారపడి పనిచేసే ఒక కుటుంబాన్ని మేట్రిక్స్ మెటలోప్రోటియేజులు, పొట్టిగా ఎంఎంపీలు అంటాం. 1962లో కప్పపిల్ల తోక ఎలా కరిగిపోతోందా అని వెతుకుతుంటే మొదటిది దొరికింది. ఇవి దుర్మార్గులేం కాదు. మీ వేలు తెగితే మానడానికీ ఇవే కావాలి. అందుకే ఒంట్లో వాటికి కాపలా ఉంది. టింప్ అనే నాలుగు ప్రోటీన్లు వచ్చి ఆ జింకు దగ్గరే అడ్డంగా కూర్చుంటాయి. ఇలా ఎంజైమును ఆపేవాటినే నిరోధకాలు అంటాం.

ఒంట్లోనే సెర్పిన్లని ఇంకో రకం నిరోధక ప్రోటీన్లున్నాయి. వాటి పద్ధతి వేరు, అచ్చం ఎలుకల బోనే. ఒక తీగను ఎరగా బయటికి చాచి ఉంచుతుంది సెర్పిన్. ఎంజైము వచ్చి దాన్ని కొరుకుతుంది. కొరికిన క్షణంలో దానికే అతుక్కుపోతుంది. తీగ చటుక్కున లోపలికి ముడుచుకుని, ఎంజైమును రెండో కొసకు ఈడ్చి, దాని ఆకారమే చెడగొడుతుంది. సెర్పిన్ పనీ అంతటితో సరి, మళ్లీ వాడుకోవడానికి ఉండదు.

మరింకేం, నిరోధకాన్ని మందుగా ఇచ్చేస్తే పోలేదా? 1990లలో మారిమాస్టాట్ అనే చిన్న రసాయనంతో అదే చేశారు. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. మనుషుల్లో కీళ్లు పట్టేసి, భుజం ఎత్తలేక బాధపడ్డారు. పరీక్షలు చాలావరకు విఫలమయ్యాయి. అవసరమైనవీ అక్కర్లేనివీ కలిపి అన్నిటినీ ఆపింది మరి. ఇంకో విచిత్రం వినండి. పీఏఐ-1 అనే సెర్పిన్ కూడా నిరోధకమే. రొమ్ము కణితిలో అది ఎక్కువుంటే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని గుర్తు!

ఇక్కడ మా వియ్యంకుడుగారి సంగతి చెప్పకుండా ఉండలేను. తెనాలి. ఆయనకు మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో పుట్టే ఒక రక్త కాన్సర్. బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ నడుస్తోంది. ఎవరో పుణ్యాత్ముడు వాట్సాప్‌లో పంపాడు: 'ఉలవల్లో కాన్సర్‌ను ఆపే ప్రోటీన్ ఉంది, ఉడికిస్తే చచ్చిపోతుంది, పచ్చిగా రుబ్బుకు తాగండి.' నాకు ఒళ్లు మండింది. వియ్యంకుణ్ణి కసరలేం గదా! అందులో సగం నిజమే, అదే నా ఏడుపు. ఉలవల్లో, సోయాలో ట్రిప్సిన్‌ను, అంటే పేగులో తిండిలోని ప్రోటీన్లను అరిగించే ప్రోటియేజును, ఆపే ప్రోటీన్లున్నాయి. అయితే పచ్చిగా తాగితే అవి ముందు ఆపేది మీ పేగులో అరుగుదలను. ఆయనకు కడుపుబ్బరం, విరేచనాలు. సోయా నుంచి తీసిన ఆ నిరోధకాన్ని నోట్లో కాన్సర్‌గా మారే అవకాశమున్న తెల్లమచ్చలు వచ్చినవాళ్లకు ఇచ్చి చూశారు కూడా. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉలవచారు కాచుకుని శుభ్రంగా తినండి, మందని మాత్రం అనకండి.

ఆయన వాడుతున్న అసలు మందు కూడా ప్రోటియేజు నిరోధకమే! అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. మైలోమా కణం యాంటీబాడీలను కుప్పలుగా తయారుచేస్తుంది. పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్ అనే యంత్రం లేకపోతే దానికి క్షణం గడవదు. బోర్టెజోమిబ్‌లోని బోరాన్ సరిగ్గా ఆ యంత్రం కోసేచోటును పట్టేసుకుంటుంది. చెత్త పేరుకుని కణం చస్తుంది.

ఉలవలతో పాటు ఆయన ఇంకోటి కూడా తాగారు, గ్రీన్ టీ. ఆరోగ్యానికి మంచిదని కోడలే కొనిచ్చింది. ఆ టీలో ఈజీసీజీ అనే పదార్థం ఉంది. అది బోర్టెజోమిబ్‌లోని బోరాన్‌కే అతుక్కుని మందును పనికిరాకుండా చేస్తుందని కణాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో 2009లో బయటపెట్టారు. ఆయన ఆంకాలజిస్టుకు ఈ సంగతి చెప్తే వెంటనే మాన్పించారు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ అని నేనడిగితే, "మందులేమైనా వాడుతున్నారా అన్నారు బావగారూ, టీ మందెలా అవుతుంది?" అన్నారు.

అమ్మా, రేపు మీరు వార్డులో కేస్ షీట్ రాసేటప్పుడు 'వేరే మందులు' అన్న గడి నింపి వదిలెయ్యకండి. పేరుపేరునా అడగండి. టీలు, కషాయాలు, పొడులు, పచ్చి రసాలు, ఊళ్లో ఆచారిగారి లేహ్యం. కోప్పడకుండా అడగండి, లేకపోతే చెప్పరు.