కిల్పెక్ బతికింది, షాబ్డన్ కరిగిపోయింది

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి నేను నేరుగా విషయానికి వచ్చేస్తాను.

కిల్పెక్ అనేది ఇంగ్లండ్‌లో హెరెఫర్డ్‌కి నైరుతి వైపు, వేల్స్ బోర్డర్ దగ్గరున్న పల్లె. అక్కడి ఇసకరాయి చర్చి 1140 ప్రాంతంలో కట్టింది, పక్కనే పాత కోట దిబ్బ. కట్టడం సింపులే, జనం కూర్చునే హాలు, దాని వెనక పూజారులు ప్రార్థన జరిపే ఇరుకైన భాగం, దాన్ని చాన్సెల్ అంటారు, చివర అర్ధచంద్రాకారంలో ఆప్స్ అనే గది, అంతే. లోపలి ఆర్చి స్తంభాల మీద ఒకరిపై ఒకరుగా నిలబడ్డ సెయింట్లు ఉంటారు, ఆ ఆర్చిల గురించి చాలా రాసుకొచ్చాను, చెప్తాను.

కానీ ముందు బయటి చూరు కిందకి రండి. 85 రాతి బ్రాకెట్లు మిగిలాయి, పక్కపక్కనే కుక్క, కుందేలు, ఇంకోచోట సిలువతో గొర్రెపిల్ల, వాయిద్యం వాయించేవాడు. మేం వెళ్లినప్పుడు గైడ్ మమ్మల్ని తిన్నగా షీలా-నా-గిగ్ అనే నగ్న స్త్రీ బొమ్మ దగ్గరికే తీసుకెళ్లాడు, అందరూ నవ్వి ఫోటోలు తీసుకుని బస్ ఎక్కేశారు. దక్షిణం గుమ్మం ఎవరూ చూడలేదండీ! పైన జీవవృక్షం, పక్క స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న ప్యాంట్లేసుకున్న సైనికులు, 900 ఏళ్లకి దగ్గరపడుతున్నా ఉలి గీతలు తెలుస్తాయి. నాకిప్పటికీ కోపం తగ్గలేదు.

ఎందుకంటే షాబ్డన్ అనే ఊరి చర్చి గతి చూశాను. అదే జిల్లా, అదే శిల్పుల బృందం పని, ఇంకా ముందుది. 1750ల్లో అక్కడి ఎస్టేట్ దొరలు ఆ పాత చర్చిని కూల్చేసి కొత్త ఫ్యాషన్‌లో కట్టించుకుని, చెక్కిన ఆర్చిల్ని తీసుకెళ్లి గుట్ట మీద అలంకారంగా నిలబెట్టారు. అప్పట్నుంచీ వానలో నానుతున్నాయి, ఇప్పుడు చాలా బొమ్మల్లో ముఖమేదో చెయ్యేదో తెలీదు. 19వ శతాబ్దంలో ఒకాయన గీసిపెట్టిన డ్రాయింగులు ఉండబట్టి సరిపోయింది. కిల్పెక్ రాయి గట్టిదే, పైగా ఎవరూ దాన్ని తన చోటు నుంచి పీకలేదు.

టైమ్ అయిందని చీటీ వచ్చింది, లోపలి ఆర్చిలు వదిలేస్తున్నా, ఒక్క మాట వినండి. ఈ చర్చిల రిపేర్ ఖర్చు ప్రధానంగా ఆ చిన్న పారిష్ వాళ్ల మీదే, అంటే ఆ ఊరి చర్చి జనం మీదే పడుతుంది. ఇక్కడున్న మీరంతా అటు డ్రైవ్ చేసినప్పుడు ఆగండి, చుట్టూ ఒకసారి తిరగండి, లోపల విరాళాల డబ్బాలో ఐదు పౌండ్లు వేయండి. ఆ తర్వాత షాబ్డన్ కూడా వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి, రెండూ ఒకే రోజు చూపించండి.