డెంటల్ క్లినిక్‌లో ఎక్స్‌రే వ్యర్థాలు: ఏది ఎక్కడికి పోవాలి?

వేదిక మీది పెద్దలకు, తోటి దంతవైద్యులకు, వెనుక వరుసల్లోని హౌస్ సర్జన్లకు, తమ క్లినిక్ అసిస్టెంట్లను వెంట తీసుకొచ్చినవారికి నమస్కారం. అసిస్టెంట్ల మాట ముందే ఎత్తడానికి కారణం ఉంది. ఎక్స్‌రే తీయాలా వద్దా అని నిర్ణయించేది మనమే అయినా, ఫిల్మ్ కడిగేదీ, ప్యాకెట్ పారేసేదీ, ఫిల్మ్ కడిగి రంగు మారిన డెవలపర్, ఫిక్సర్ ద్రావణాలను వారాంతంలో సింక్‌లోకి ఒంపేదీ చాలాచోట్ల వారే. ‘ఫిక్సర్‌ను డ్రైనేజీలో పోయకూడదు’ అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మనం, ఆ ఒక్క వాక్యాన్ని వారికి ఎప్పుడైనా చెప్పామా అన్నదే ఈరోజు నా ప్రశ్న.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఎక్స్‌రే అనగానే వ్యర్థాల్లో రేడియోధార్మికత ఉంటుందేమోనని కొందరు భయపడతారు. యంత్రం నుంచి కిరణాలు వెలువడేది మీట నొక్కిన ఆ క్షణకాలమే. ఆ తరువాత ఫిల్మ్‌లో గానీ, దాన్ని కడిగిన నీళ్లలో గానీ రేడియేషన్ ఏమీ మిగలదు. మనం జాగ్రత్తపడవలసింది రెండు లోహాల విషయంలో. ఒకటి సీసం, రెండోది వెండి.

నా చేతిలో ఉన్నది నోట్లో పెట్టి తీసే మామూలు సైజు 2 ఐఓపీఏ ఎక్స్‌రే ఫిల్మ్ ప్యాకెట్, 31 మిల్లీమీటర్ల వెడల్పు, 41 మిల్లీమీటర్ల పొడవు. విప్పితే పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల నల్లకాగితం, మధ్యలో ఫిల్మ్, దాని వెనుక పల్చటి సీసపు రేకు కనిపిస్తాయి. ఫిల్మ్‌ను దాటిపోయిన కిరణాలు వెనుక కణజాలాన్ని తాకి తిరిగివచ్చి చిత్రాన్ని మసకబార్చకుండా ఆ రేకు ఆపుతుంది. ప్యాకెట్‌ను నోట్లో తిరగేసి పెడితే చిత్రంలో టైరు జాడల్లాంటి గీతలు పడేది కూడా ఈ రేకు మీది అచ్చు వల్లే. డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ బయటికి తీయగానే దీని పని అయిపోతుంది, దీన్ని మనం మరచిపోతాం.

ఇక్కడ అజాగ్రత్తగా ఉండేవారికంటే జాగ్రత్తపరులే పెద్ద పొరపాటు చేస్తున్నారని నా అభిప్రాయం. నోట్లో పెట్టి తీసిన వస్తువు కదా అని ప్యాకెట్ మొత్తాన్ని జీవవైద్య వ్యర్థాల పసుపు సంచిలో వేస్తారు. పసుపు సంచి ప్రధానంగా ఇన్సినరేటర్‌కు, అంటే వ్యర్థాలను కాల్చే కొలిమికి, పోతుంది. అందులో మొదటి గదిలోనే వేడి 800 డిగ్రీలు దాటుతుంది, రెండో గదిలో 1,050 డిగ్రీల దాకా ఉంటుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది గానీ కాలి మాయమైపోదు. కొంత బూడిదలో చేరుతుంది, కొంత పొగతో లేచే ధూళిని పట్టుకుంటుంది. కాబట్టి ప్యాకెట్‌ను విడదీయక తప్పదు. లాలాజలం తగిలిన ప్లాస్టిక్ తొడుగు మలిన ప్లాస్టిక్ వేసే ఎర్ర సంచిలోకి, తడి తగలని నల్లకాగితం మామూలు చెత్తలోకి, రేకు మాత్రం మూతగల ప్లాస్టిక్ డబ్బాలోకి పోవాలి. ఒక్కో రేకు గ్రాము లోపే ఉంటుంది. అయితే రోజుకు ఐదు ఫిల్ముల చొప్పున 300 రోజులకు 1,500 రేకులు, అంటే ఒక్క చిన్న క్లినిక్ నుంచే ఏడాదికి కిలో చుట్టుపక్కల సీసం.

సీసం ప్రస్తావన వచ్చింది కనుక మరొకటి. ఫిల్ములు దాచుకోవడానికి లోపల సీసం తాపడం చేసిన పాత చెక్కపెట్టెలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే వాడడం ఆపండి. వాటిలోని ఫిల్ములపై తెల్లటి సీసపు పొడి పేరుకుంటోందని, అది రోగి నోట్లోకి చేరగలదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2001లోనే దంతవైద్యులను హెచ్చరించింది.

ఇక వెండి. ఫిల్మ్ మీది జెలటిన్ పూతలో సిల్వర్ బ్రోమైడ్ రేణువులుంటాయి. కిరణాలు తగిలినవాటిని డెవలపర్ నల్లటి వెండిగా మారుస్తుంది, తగలనివాటిని ఫిక్సర్‌లోని థయోసల్ఫేట్ కరిగించి తనలో కలుపుకుంటుంది. అందుకే వాడిన ఫిక్సర్‌లో లీటరుకు వేల మిల్లీగ్రాముల వెండి ఉంటుంది, డెవలపర్‌లో దాదాపు ఉండదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 వెండికి పెట్టిన హద్దు లీటరుకు 0.1 మిల్లీగ్రాము. థయోసల్ఫేట్‌తో జతకట్టిన వెండికి విడి వెండి అయాన్లకున్నంత విషగుణం లేదన్నది నిజమే, ఆ మాట దాచను. అయినా మురుగును శుద్ధిచేసే బ్యాక్టీరియాకు వెండి గిట్టదు, పైగా అది విలువైన లోహం. డెవలపర్‌లోని హైడ్రోక్వినోన్ కూడా జలచరాలకు విషమే. రెండింటినీ ఒకే క్యాన్‌లో పోయడం మరో అలవాటు. డెవలపర్‌లోని క్షారం తగిలితే అమ్మోనియం థయోసల్ఫేట్ ఉన్న ఫిక్సర్ నుంచి అమ్మోనియా వాయువు లేస్తుంది. క్యాన్లు వేరు, వాటి మీద తెలుగులో రాసిన చీటీలు వేరు ఉండాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1998 నాటి నియమాల కింద నెలకు వెయ్యిమంది కంటే తక్కువ రోగులను చూసే క్లినిక్‌కు అధీకృతి అక్కరలేదు. 2016 మార్చి 28న వెలువడిన జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆ మినహాయింపును తీసేశాయి. ఒక్క కుర్చీ ఉన్న క్లినిక్ అయినా కాలుష్య నియంత్రణ మండలి నుంచి అధీకృతి పొందాలి, ఏటా జూన్ 30లోగా వార్షిక నివేదిక పంపాలి. పసుపు విభాగంలోని రసాయనిక ద్రవ వ్యర్థాల కింద ఎక్స్‌రే ద్రావణాన్ని పేరుపెట్టి చేర్చారు. ఆ వాక్యంలో ‘డెవలపింగ్’ అనే మాట ఉండడంతో కొందరు డెవలపర్‌ను భద్రపరచి ఫిక్సర్‌ను పారబోస్తున్నారు. నియమం రాసినవారు మరికాస్త స్పష్టంగా రాసి ఉండవలసింది.

‘మేం ఆర్‌వీజీకి, అంటే ఫిల్మ్ అక్కరలేని డిజిటల్ ఎక్స్‌రేకు మారిపోయాం, మాకెందుకివన్నీ’ అని అడిగేవారుంటారు. మంచిదే. కానీ బీరువా అడుగున గడువు తీరిన డెవలపర్ సీసాలు, వాడని ఫిల్ములు, పాత కేసుల కట్టలు ఏమయ్యాయో ఒకసారి చూసుకోండి. పాడైన సెన్సర్ ఎలక్ట్రానిక్ వ్యర్థం. పాత యంత్రాన్ని పాతసామాన్లవాడికి అమ్మడానికి వీల్లేదు, ముందుగా అణుశక్తి నియంత్రణ మండలికి తెలియజేయాలి.

మిగిలిన చిక్కు ఒకటుంది, అది న్యాయమైనదే. నెలకు రెండు లీటర్ల ఫిక్సర్ కోసం ఏ రీసైక్లరూ మన గుమ్మం ఎక్కడు. ఆ సందులోకే గోనెసంచులతో వచ్చేవారు దూరి, పాత ఫిల్ములు కొనుక్కుపోయి, ఆరుబయట కాల్చో, కాస్టిక్ సోడాలో ఉడికించో వెండి తీసుకుంటారు. ఆ పొగ పీల్చేది వాళ్ల పిల్లలు. అందుకని మన సంఘం శాఖలోని క్లినిక్‌లన్నీ కలిసి అధీకృత రీసైక్లర్‌తో ఒకే ఒప్పందం చేసుకుని, మూడు నెలలకొక రోజు సేకరణకు నిర్ణయించుకోవచ్చు. దానికి కాలుష్య నియంత్రణ మండలి ఏ అనుమతులు అడుగుతుందో కనుక్కునే పని నేను తీసుకుంటాను. పేర్లు ఇవ్వదలచినవారి కోసం పుస్తకం ఈ బల్ల మీద పెట్టాను. భోజనానికి ముందు అసిస్టెంట్లు ఒక్కొక్కరూ వచ్చి ఒక ప్యాకెట్ విప్పి, నాలుగు భాగాలనూ నాలుగు చోట్ల వేసి చూపించాలని కోరుతున్నాను. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.