ఆర్‌ఎఫ్‌ఐడీ పర్సు రివ్యూ: పర్సు పని చేసింది, బడి కార్డే భయపెట్టింది

నమస్కారం. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను.

బల్ల మీద మూడు వస్తువులున్నాయి, చూడండి. ఒకటి ఈ పర్సు. ఆన్‌లైన్‌లో 799 రూపాయలకు తెప్పించాను. పెట్టె మీద 'ఆర్‌ఎఫ్‌ఐడీ బ్లాకింగ్' అని పెద్ద అక్షరాలతో ఉంది. అంటే కార్డులోని చిప్‌ను రేడియో తరంగాలతో ఎవరూ చదవకుండా ఆపుతుందని. రెండోది నా బ్యాంకు కార్డు. మూడోది మా పాప బడి ఐడీ కార్డు. రెండు కార్డుల మీదా టేపు వేశాను. నంబర్లు, ఫొటో, బడి పేరు ఏవీ మీకు కనబడవు.

మొదట పర్సు ఒక్కదాని మీదే వీడియో చేద్దామనుకున్నాను. రెండు వారాల కిందట మా ఇంట్లో ఒకటి జరిగింది. అందుకే మూడో కార్డు కూడా ఇక్కడికి వచ్చింది. అది చెప్తాను. ముందు ఈ చిప్ అంటే ఏమిటో చూడండి.

పాప కార్డు వెనక నుంచి ఫోన్ టార్చి వేస్తున్నాను. అంచు వెంబడి సన్నటి తీగ చుట్టలు చుట్టలుగా కనిపిస్తోందా? ఆ తీగ చివర ఆవగింజంత నల్ల చుక్క, అదే చిప్. బ్యాటరీ ఎక్కడా లేదు. రీడర్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఆ రీడర్ పంపే తరంగాల నుంచే కాస్త కరెంటు తీసుకుని, తన నంబరు చెప్తుంది. రీడర్ లేకపోతే అది మామూలు ప్లాస్టిక్ ముక్క. ఏమీ పంపదు, తానున్న చోటు ఎవరికీ చెప్పదు.

ఈ మాట ముందుగా మా అమ్మకు చెప్పాల్సి వచ్చింది. పాప మెడలో కార్డు చూసి, "మన ఎర్రావు సెవికి కట్టినట్టు గుంట మెడకి కట్టీసినారేట్రా? ఒంట్లోకి కరెంటు పట్టీదు కదా?" అని అడిగింది. ఆవు చెవికి వేసే ఆ పసుపు బిళ్లలో అసలు చిప్పే లేదు, 12 అంకెల నంబరు, బార్‌కోడ్ మాత్రమే ఉంటాయి. పాప కార్డులో చిప్ ఉన్నా దానంతట అది ఏమీ వెదజల్లదు. ఒంటికి హాని లేదమ్మా అని చెప్పాను. మెడకు కట్టారు అన్న మాట మాత్రం నా మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు పర్సు. నా ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ ఉంది, అంటే ఇలాంటి చిప్‌లను దగ్గర నుంచి చదవగలదు. కార్డులు చదివే ఉచిత యాప్ ఒకటి వేసుకున్నాను. బ్యాంకు కార్డు దగ్గర పెడుతున్నాను... చదివేసింది. కార్డు నంబరు, గడువు తేదీ తెర మీదికి వచ్చాయి. సీవీవీ రాలేదు, పిన్ రాలేదు. అవి ఆ చిప్ గాల్లోకి ఇవ్వదు. దూరం ఎంతో గమనించండి. రెండు వేళ్ల ఎడం. మూడు వేళ్లయితే ఫోన్‌కి అందడం లేదు.

కార్డుని పర్సు లోపలి అరలో పెట్టి మడిచాను. ఏ వైపు నుంచి పెట్టినా ఫోన్ చదవడం లేదు. ఇప్పుడు బయటి అరలో, తొందరగా తీసుకోవడానికని ఇచ్చిన ఈ జేబులో పెట్టాను. చదివేసింది! ఆ జేబుకు రేకు పొర లేదు. పెట్టె మీద ఈ ముక్క రాయలేదు. ఇక చివరిది, వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్. కార్డు చుట్టూ ఒక్క మడత. చదవలేదు. అంటే పర్సు లోపలి అర చేసే పనే ఈ ఫాయిల్ కూడా చేస్తోంది.

పర్సు అబద్ధం కాదు, పని చేస్తుంది. అయితే అది ఏ దొంగ నుంచి కాపాడుతోందో ఆలోచించండి. పలాస బస్సులో జనం మధ్య ఎవడో స్వైపింగ్ మెషీన్ మన జేబుకు ఆనించి డబ్బు లాగేస్తాడని భయం. పిన్ లేకుండా పోయే మొత్తానికి హద్దు ఉంది. 2021 జనవరి 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ దాన్ని 2,000 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. ఆ మెషీన్ ఎవరి పేరున ఉందో, డబ్బు ఏ ఖాతాలో పడిందో బ్యాంకుకు తెలుస్తుంది. దొంగ తన చిరునామా తానే ఇచ్చినట్టు. చదివేసిన కార్డు నంబరుతో మన దేశంలోని సైట్లలో కొనాలంటే ఓటీపీ లాంటి ఇంకో తనిఖీ దాటాలి. ఇంకో మాట, ఇది పైసా ఖర్చు లేని పని. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులకు వెళ్తే 'కాంటాక్ట్‌లెస్' అని ఒక మీట ఉంటుంది, అంటే కార్డు మెషీన్‌లో పెట్టకుండా దగ్గర చూపిస్తే చాలు డబ్బు కట్టే పద్ధతి. ఆపేయండి. విదేశీ లావాదేవీలు అన్న మీట కూడా ఆపేయండి. ఈ మీటలు మన చేతికి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకే 2020లో చెప్పింది. ఆ తర్వాత పర్సు మామూలుదైనా ఫర్వాలేదు.

ఫాస్టాగ్ గురించి చాలామంది అడిగారు. 2022లో ఒక వీడియో తిరిగింది గుర్తుందా? ఒక పిల్లాడు కారు అద్దం తుడుస్తూ చేతి గడియారంతో ఫాస్టాగ్ స్కాన్ చేసి డబ్బు కొట్టేశాడని. అది కల్పితం. ఫాస్టాగ్ కొన్ని మీటర్ల దూరం నుంచి చదవగలిగే రకమే, అందుకే మడపాం టోల్‌గేట్ దగ్గర కారు ఆపీ ఆపకుండానే గేటు లేస్తుంది. కానీ డబ్బు వెళ్లేది నమోదైన టోల్‌ప్లాజాల లాంటి వ్యాపార ఖాతాలకే. మనిషి నుంచి మనిషికి వెళ్లే దారి అందులో లేదు. 2016లో రెండు వేల నోటులో చిప్ ఉందని, భూమిలో పాతినా శాటిలైట్ పట్టేస్తుందని ఎంత నమ్మాం! అదీ ఇలాంటిదే. ఉద్దానం నుంచి గల్ఫ్ వెళ్లే తమ్ముళ్లకు ఒక మాట. కొత్త పాస్‌పోర్టు అట్ట మీద కింద చిన్న బంగారు రంగు గుర్తు ఉంటే లోపల చిప్ ఉన్నట్టు. లోపలి పేజీ అడుగున అచ్చేసిన వరసలను ముందు చదివితేనే ఆ చిప్ తలుపు తీస్తుంది. జేబులో ఉన్నప్పుడు దారిన పోయేవాళ్లు మీ వివరాలు లాగడం అంత తేలిక కాదు. టెన్షన్ వద్దు.

ఇక పాప కార్డు.

ఈ ఏడాది బడి తెరిచినప్పుడు ఈ కార్డులు ఇచ్చారు. గేటు దగ్గర రీడర్‌కి ఆనిస్తే మా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఫీజుతో పాటు 350 రూపాయలు తీసుకున్నారు. మేము సంతోషంగా కట్టాం. మా ఆవిడ, నేను ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పొద్దున్న ఆ మెసేజ్ చూస్తే గుండె కుదుటపడేది.

రెండు వారాల కిందట సోమవారం పాపకు జ్వరం. 102 ఉంది. నేను సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. తడిగుడ్డ నుదుటి మీద వేస్తున్నాను. 8 గంటల 42 నిమిషాలకు ఫోన్ మోగింది. 'మీ అమ్మాయి క్షేమంగా పాఠశాలకు చేరుకుంది.'

పాప నా పక్కనే ఉంది. నిద్రపోతోంది.

తర్వాత తెలిసింది. శనివారం బస్సులో పాప కార్డు మరచిపోయింది. స్నేహితురాలు తీసి దాచింది. సోమవారం పాపకి ఆబ్సెంట్ పడకూడదని తన కార్డుతో పాటు అది కూడా రీడర్‌కి ఆనించింది. ఆ పిల్ల చేసింది ప్రేమతోనే, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. నన్ను నిద్ర పోనివ్వనిది వేరే. అదే రోజు పాప ఇంట్లోంచి బయలుదేరి, దారిలో ఏదైనా జరిగి ఉంటే? నాకు అదే మెసేజ్ వచ్చేది. నేను గుండె కుదుటపడి పనిలో పడిపోయేవాణ్ని. సాయంత్రం దాకా వెతికేవాడే ఉండడు. కార్డు గేటు దాటిందని మాత్రమే ఆ రీడర్‌కి తెలుసు. పిల్ల వచ్చిందని రాసి పంపుతోంది.

ఇప్పుడు అదే కార్డుని ఫోన్‌కి ఆనిస్తున్నాను. 'మైఫేర్ క్లాసిక్ 1కె' అని వచ్చింది, కింద దాని నంబరు. ఈ రకం చిప్ 1994 నుంచి ఉంది. దీని తాళం, అంటే లోపలి సమాచారాన్ని కాపాడే రహస్య కోడ్, ఎంత బలహీనమో 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. అప్పట్లో లండన్ రవాణా కార్డుల్లో వాడింది కూడా ఇదే. చిప్ తయారు చేసిన ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ ఆ పరిశోధన అచ్చు కాకుండా ఆపమని కోర్టుకు వెళ్లింది, కోర్టు ఒప్పుకోలేదు. అది జరిగి ఇన్నేళ్లయింది. ఆ చిప్‌నే మన పిల్లల భద్రత అని చెప్పి మెడలో వేశారు.

ఇలాంటి గొడవ వేరే చోట్ల ముందే జరిగింది. 2005లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని సటర్ అనే చిన్న ఊళ్లో బడి పిల్లలకు ఈ చిప్ బ్యాడ్జీలు ఇస్తే తల్లిదండ్రులు ఎదురు తిరిగారు, ఆ పథకం ఆగిపోయింది. 2012లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక విద్యార్థిని బ్యాడ్జీ వేసుకోనని కోర్టుకెక్కింది. కోర్టులో గెలవలేదు. కానీ 2013లో ఆ పథకాన్ని అక్కడి అధికారులే మానేశారు. హాజరు వాళ్లు ఆశించినంత పెరగలేదు.

వాళ్లు అడిగిన ప్రశ్న మనమూ అడగాలి. మా పాప ఏ నిమిషానికి గేటు దాటిందో, ఏ సాయంత్రం ఆలస్యంగా వెళ్లిందో, ఏ రోజు రాలేదో ఇవన్నీ వరసగా ఎక్కడో రాసి ఉన్నాయి. ఎక్కడ? ఆఫీసులో అడిగాను. "అదంతా సాఫ్ట్‌వేర్ వాళ్లు చూసుకుంటారు సార్" అన్నారు. ఆ వాళ్లెవరో, ఏ ఊళ్లో ఉంటారో, ఎన్నాళ్లు దాస్తారో చెప్పగలిగిన మనిషి అక్కడ లేడు. మెసేజ్‌లు చూసే యాప్ నా కాంటాక్టులు కూడా అడిగింది. ఎందుకు? నా పిల్ల ఏ వేళకు ఏ గేటు దగ్గర ఉంటుందో చెప్పే పట్టిక, బస్సులో జేబు దొంగ కంటే నన్ను వంద రెట్లు భయపెడుతోంది. ఆ పట్టికను ఆపే పర్సు ఎక్కడా అమ్మరు.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అందులో ఉంది. పిల్లల్ని ట్రాక్ చేయకూడదనీ ఉంది, భద్రత కోసమైతే బడులకు కొంత సడలింపు ఇచ్చారు. సరే, సడలింపు ఉండనివ్వండి. భద్రత కోసం ఇచ్చింది భద్రతకే వాడుతున్నారా అని అడిగే హక్కు మనకు లేకుండా పోలేదు కదా.

అందుకే చేత్తో ఉత్తరం రాసి తీసుకెళ్లాను. మా వీధిలో ఇంకో నలుగురు తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. పిల్లల రాకపోకల లెక్క ఎవరి దగ్గర ఉంది, ఎన్నాళ్లు ఉంచుతారు, బడి మారితే చెరిపేస్తారా అని అడిగాం. క్లాసులో హాజరు పిలిచాకే ఇంటికి మెసేజ్ పంపండి అని కోరాం.

ప్రిన్సిపాల్ మేడం ఉత్తరం పూర్తిగా చదివారు. ఆఖరిదానికి అక్కడికక్కడే ఒప్పుకున్నారు. మిగతా వాటికి సాఫ్ట్‌వేర్ వాళ్లను అడిగి రాతపూర్వకంగా ఇస్తామన్నారు, ఇంకా రాలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్తాం.

పర్సు సంగతి అడుగుతారేమో. లోపలి అరకు మంచి మార్కులు, బయటి జేబుకు సున్నా. 799 పెట్టి కొనమని నేను చెప్పను, నాది వాపసు పంపేస్తున్నాను. నిన్న పొద్దున్న మెసేజ్ 9 గంటల 10 నిమిషాలకు వచ్చింది. ఇదివరకటి కంటే అరగంట ఆలస్యం. పాపను అడిగితే, "టీచర్ నా పేరు పిలిచారు నాన్నా, నేను లేచి నిలబడ్డాను" అని చెప్పింది.