ఇయర్‌మార్క్ అంటే కొత్త డబ్బు కాదు

అందరికీ నమస్కారమండీ. అమెరికా బడ్జెట్ గురించి మాట్లాడతాను అనగానే సగం మంది ఫోన్లు తీస్తారని నాకు తెలుసు, అందుకే నేరుగా 2006కి వెళ్లిపోదాం.

ఆ ఏడు జనవరి 31న ప్రెసిడెంట్ బుష్ కాంగ్రెస్‌లో, అంటే వాళ్ల పార్లమెంటులో, నిలబడి అమెరికా చమురుకు బానిసైపోయిందన్నారు, క్లీన్ ఎనర్జీ రీసెర్చ్‌కి నిధులు పెంచుతామన్నారు. బాగుంది. రెండు వారాలు తిరక్కముందే కొలరాడోలోని గోల్డెన్‌లో పునరుత్పాదక ఇంధనం మీద పనిచేసే జాతీయ ప్రయోగశాల, ఎన్‌ఆర్‌ఈఎల్, 32 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. 2.8 కోట్ల డాలర్లు తక్కువ పడ్డాయట. ఎందుకయ్యా అంటే, ఇంధన శాఖ చూపించిన కారణం ఇయర్‌మార్క్‌లు.

ఫలానా యూనివర్సిటీకి ఇంత, ఫలానా ఊళ్లో ప్రాజెక్టుకి ఇంత అని కాంగ్రెస్ సభ్యులు పేరు పెట్టి మరీ రాయించుకునే కేటాయింపునే ఇయర్‌మార్క్ అంటారు. మన ఎంపీ ల్యాడ్సే కదా అంటారేమో, కాదు. మన ఎంపీకి ఏడాదికి 5 కోట్లు విడిగా ఉంటాయి, ఆయన సిఫార్సు చేస్తాడు, జిల్లా యంత్రాంగం పని చేయిస్తుంది. అక్కడ విడిగా ఏమీ ఉండదు. బయోమాస్ (మొక్కలు, వ్యర్థాల నుంచి తీసే ఇంధనం) రీసెర్చ్‌కో హైడ్రోజన్ రీసెర్చ్‌కో ఇచ్చిన మొత్తంలోంచే ఆ పేర్లకి ముందు తీసి పక్కన పెట్టాలి, మిగిలిందాంట్లో శాఖ సర్దుకోవాలి. కాగితం మీద నిధులు తగ్గినట్టే కనపడదు, అదే అసలు చిక్కు! నాలుగైదేళ్లు సాగాల్సిన ప్రయోగాలకీ, నిపుణులు వడపోసి పోటీలో ఎంపిక చేసే ప్రాజెక్టులకీ మాత్రం కోత పడుతుంది.

ఫిబ్రవరి 21న బుష్ ఆ ల్యాబ్‌కే వచ్చారు. వచ్చేముందు ఇంధన శాఖ హడావిడిగా 50 లక్షల డాలర్లు ఇంకోచోట నుంచి తెచ్చి సర్దింది, తీసేసినవాళ్లని మళ్లీ పిలిచారు. మంత్రిగారొస్తున్నారంటే రాత్రికి రాత్రి రోడ్డేసే మనకి ఇదేం వింత కాదులెండి.

2011లో కాంగ్రెస్ ఇయర్‌మార్క్‌లు ఆపేసింది, 2021లో పేరు మార్చి మళ్లీ తెచ్చుకుంది. ఈసారి కాస్త పద్ధతుంది: లాభాపేక్ష ఉన్న కంపెనీలకి ఇవ్వకూడదు, ఎవరు ఏం అడిగారో ఆన్‌లైన్‌లో పెట్టాలి, మొత్తం మీద విచక్షణాధికార ఖర్చులో, అంటే ఏటా కాంగ్రెస్ ఓటేసి నిర్ణయించే ఖర్చులో, 1 శాతం దాటకూడదు. నేను వీటిని పూర్తిగా తిట్టను. ఖజానా తాళం రాజ్యాంగం కాంగ్రెస్ చేతికే ఇచ్చింది, వాళ్లు ఎంచకపోతే ఎంచేది అధికారులు, వాళ్లేం దేవుళ్లు కాదు. నా గొడవల్లా లెక్క గురించే. ఊళ్లో మున్సిపల్ ఆఫీసు మీద సోలార్ పలకలు పెట్టిస్తే మంచిదే, పెట్టించండి, కానీ ఆ ఖర్చుని రీసెర్చ్ పద్దులోంచి తీసి, రీసెర్చ్‌కి నిధులు ఏమాత్రం తగ్గలేదని చెప్పకండి.